వజీఫా నుంచి వీసా దాకా: నల్లగొండ, పాలమూరు పిల్లల పరదేశపు చదువులు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని సంపాదకులు కోరినప్పుడు, కోటల గురించో సంస్థానాల గురించో రాద్దామనుకున్నాను. అంతలో లైఫ్ సర్టిఫికెట్లు ఇచ్చే రోజున సంఘం ఆఫీసులో కూర్చుంటే నా ఆలోచన మారింది. పూర్వం మనం కలిస్తే డి.ఏ. బకాయిలు, ఫిట్‌మెంటు, మోకాళ్ళ నొప్పులు మాట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు ముందుగా వచ్చే ప్రశ్న "మీ మనుమడు ఎక్కడున్నాడు?" అన్నదే. ఒకరు డల్లాస్ అంటారు, ఒకరు మెల్‌బోర్న్ అంటారు, ఒకరు జర్మనీ అంటారు. కరువు జిల్లాలని పేరుపడ్డ మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి ఇంతమంది పిల్లలు సముద్రాలు దాటి చదువుకోవడం చూస్తే సంతోషం, ఆశ్చర్యం, కొంత దిగులు కూడా కలుగుతాయి. చదువు కోసం పరదేశం పోయి అక్కడ కుదురుకోవడం మన ప్రాంతానికి కొత్తదేమీ కాదని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక మాట గుర్తు చేస్తాను. నిజాం సర్కారు దఫ్తర్లలో పింఛనును "వజీఫా" అనేవారు. విద్యార్థికి ఇచ్చే వేతనం కూడా వజీఫాయే. ముసలివానికి, పిల్లవానికి సర్కారు ఇచ్చే ఆసరాకు ఒకటే పేరన్నమాట. ఈనాడు మన వజీఫాలో కొంత భాగం పిల్లల వజీఫాగా మారిపోతున్న ఇండ్లు చాలా ఉన్నాయి. అందుచేత ఈ చరిత్ర మనదే.

హద్దు దాటితే దేశాంతరమే

ఈ తరం పిల్లలకు వింతగా తోచవచ్చు గాని, 1948కి ముందు మన వాళ్ళకు కర్నూలు, బెజవాడ, మద్రాసు, పుణె అన్నీ పరాయి రాజ్యాలే. అలంపురం నుంచి తుంగభద్ర దాటితే కర్నూలు. నది అవతల బ్రిటిష్ ఇండియా. నాణెం వేరు: ఇక్కడ హాలీ సిక్కా, అక్కడ కల్దారు. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దారు రూపాయలు వచ్చేవి. తపాలా బిళ్ళలు వేరు. సరిహద్దులో కరోడ్‌గిరి వారు మూటలు విప్పి చూసి సుంకం వసూలు చేసేవారు. సర్కారు పంచాంగం కూడా వేరు. ఇక్కడ ఫసలీ సంవత్సరం, ఆజూరు, దై, బహ్‌మన్ అనే నెలలు. ఇక్కడి కాగితంలో 1328 ఫసలీ అని ఉంటే, అక్కడి వానికి అది 1918-19 అని లెక్క కట్టి చెప్పవలసి వచ్చేది.

ఇక భాష సంగతి. ఇంట్లో తెలుగు, కచేరీలో ఉర్దూ, నది దాటితే ఇంగ్లీషు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు బోధనా భాష ఉర్దూ. దేశభాషలో పై చదువులు చెప్పిన విశ్వవిద్యాలయంగా దానికి గొప్ప పేరే వచ్చింది గాని, జొన్న చేలలోంచి వచ్చిన తెలుగు పిల్లవానికి ఉర్దూ కూడా పరాయి భాషే. కనుక హైదరాబాదు నగరానికి చదువుకు పోవడమే మన పిల్లలకు మొదటి విదేశయానం. అక్కడి నుంచి మద్రాసో బొంబాయో పోతే అది రెండవది.

భువనగిరి నుంచి నాగపూరుకు

ఈ వరుసలో మొదట చెప్పుకోదగినవారు కొమర్రాజు లక్ష్మణరావు గారు. 1877లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టినా, పసితనంలోనే తండ్రి పోవడం వల్ల ఆయన బాల్యవిద్య మన నల్లగొండ జిల్లా భువనగిరిలో జరిగింది. ఆ తరువాత అక్క భండారు అచ్చమాంబ గారు ఆయనను తమ వద్దకు తీసుకుపోయారు. బావగారికి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉద్యోగం. అలా తెలుగు పిల్లవాడు మరాఠీ దేశంలో పడ్డాడు. నాగపూరులో చదివి, ఎం.ఏ. దాకా వచ్చాడు. ఆ భాషను ఎంతగా స్వంతం చేసుకున్నాడంటే మరాఠీ పత్రికలకు వ్యాసాలు రాసే స్థాయికి చేరాడు.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. పరాయిచోట పిల్లవాడు కుదురుకున్నాడంటే దాని వెనుక ఒక అక్క వంటిల్లు ఉంది. తమ్ముని చదువు పక్కన కూర్చునే అచ్చమాంబ గారు స్వయంగా చదువు నేర్చి, "అబలా సచ్చరిత్ర రత్నమాల" రచించారు. 1905లో చిన్న వయసులోనే కన్నుమూశారు. ఆమె లేకపోతే లక్ష్మణరావు గారు లేరు. ఆయన 1901 సెప్టెంబరులో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపనలో, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపనలో ముఖ్యులయ్యారు. మరాఠీ వారి సంఘాలు, గ్రంథమాలలు దగ్గరగా చూసిన అనుభవం ఆయనకు ఇక్కడ అక్కరకు వచ్చింది. పరదేశం పోయినవాడు అక్కడ ఏమి చూశాడో దానిని ఇంటికి తెచ్చాడు.

పుణె దారి, మద్రాసు దారి

పాలమూరు జిల్లా నుంచి ఇద్దరిని చెప్పుకుందాం. బూర్గుల రామకృష్ణారావు గారు 1899లో కల్వకుర్తి తాలూకా పడకల్లులో పుట్టారు. పుణె ఫెర్గుసన్ కళాశాలలో చదివి, 1923లో బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి న్యాయశాస్త్ర పట్టా పొందారు. తెలుగు, ఉర్దూ, ఫారసీ, మరాఠీ, కన్నడం, సంస్కృతం, ఇంగ్లీషు తెలిసిన బహుభాషావేత్తగా ఆయనను చెప్పుకుంటారు. ఇన్ని భాషలు ఆయనకు అలంకారంగా రాలేదు. మూడు భాషల రాజ్యంలో పుట్టి నాలుగో భాష ఊరిలో చదివినవానికి అవి బ్రతుకు అవసరాలు. 1952లో ఆయన హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. ఆ తరువాత కేరళ, ఉత్తరప్రదేశ్ గవర్నరుగా పనిచేశారు.

రెండవవారు సురవరం ప్రతాపరెడ్డి గారు. 1896లో గద్వాల సంస్థానంలోని బోరవెల్లిలో పుట్టారు. స్వగ్రామం ఇటికాలపాడు. ఆయన దారి మద్రాసు దారి. అక్కడి ప్రెసిడెన్సీ కళాశాలలో చదివారు. మద్రాసులో తెలుగు పత్రికలు, సభలు, పండితులు పుష్కలం. తన ఊరిలో కచేరీ భాషకు వెనుక నిలబడిన తెలుగుకు అక్కడ ఉన్న మర్యాద చూసి వచ్చిన మనిషి ఊరికే ఉండగలడా? 1926 మే నెలలో "గోలకొండ పత్రిక" మొదలుపెట్టారు. తెలంగాణంలో కవులు లేరని ఎవరో అంటే, 1934లో 354 మంది కవులతో "గోలకొండ కవుల సంచిక" తెచ్చి చూపించారు. ఆయన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"కు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. అప్పటికి ఆయన పోయి రెండేండ్లయింది.

నీడ ఇచ్చిన వసతి గృహాలు

పరదేశంలో విద్యార్థికి పుస్తకాల కంటే ముందు కావలసినవి మూడు: పడుకోవడానికి చోటు, తినడానికి అన్నం, జ్వరం వస్తే చూసే మనిషి. పాత రోజుల్లో వారాలు చేసుకొని చదువుకునేవారు. సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఒక ఇంట్లో భోజనం. ఏ ఇల్లూ దొరకని వారం ఉపవాసమే. కులం కట్టుబాట్ల వల్ల అందరికీ ఆ అవకాశం కూడా ఉండేది కాదు.

ఈ లోటు గమనించినవారిలో మన పాలమూరు జిల్లావారు రాజబహదూర్ వెంకటరామారెడ్డి గారు. వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో 1869లో పుట్టారు. పోలీసు శాఖలో చిన్న ఉద్యోగంలో చేరి, 1920లో హైదరాబాదు నగర కొత్వాలు అయ్యారు. ఆయన పూనికతో 1918లో రెడ్డి హాస్టలు ఏర్పడింది. పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు నగరంలో అది పుట్టిల్లు వంటిది. సురవరం వారు కూడా 1920ల్లో ఆ హాస్టలు బాధ్యతలు చూశారు. ఆ తరువాత ఇతర కులాల వారు, సంఘాల వారు కూడా తమ తమ హాస్టళ్ళు పెట్టుకున్నారు. కులాల పేరున ఉండటం వాటి పరిమితి. అయినా ఒక తరం తెలంగాణ నాయకులు, ఉద్యోగులు, రచయితలు ఆ వరండాలలోనే తయారయ్యారన్నది చరిత్ర.

1938: ఒక్క రాత్రిలో విద్యార్థులు పరదేశులైనారు

మన తండ్రుల తరం తరచు చెప్పుకున్న ఘట్టం వందేమాతరం ఉద్యమం. 1938 చివరలో ఉస్మానియా హాస్టలు ప్రార్థనలలో వందేమాతరం పాడరాదని అధికారులు నిషేధించారు. విద్యార్థులు సమ్మె కట్టారు. వందల మందిని విశ్వవిద్యాలయం నుంచి తీసివేశారు. సంవత్సరం మధ్యలో చదువు పోయిన ఆ పిల్లలకు నాగపూర్ విశ్వవిద్యాలయం తలుపులు తెరిచింది. అలా వెళ్ళినవారిలో పి.వి. నరసింహారావు గారు ఒకరు. గద్వాల ప్రాంతపు రామచంద్రరావు గారు ఆ రోజుల్లో జైలులో కొరడా దెబ్బలు తింటూ అదే నినాదం చేశారు. వావిలాల వారి ఇంటి పేరు పోయి "వందేమాతరం" ఇంటి పేరయింది.

ఉర్దూ మాధ్యమంలో చదివినవాడు నాగపూరులో ఇంగ్లీషు పాఠం వినాలి, మరాఠీ, హిందీ మాట్లాడే బజారులో బియ్యం కొనాలి, హాలీ రూపాయిని కల్దారుగా మార్చుకోవాలి. ఇంటి నుంచి డబ్బు వస్తుందో రాదో తెలియదు. ఈ రోజు పిల్లలు అనుభవించే దిగులులో ఏదీ వాళ్ళకు తప్పలేదు.

సర్కారు వజీఫాతో సీమ చదువు

నిజమైన సముద్రయానం చేసినవారూ ఉన్నారు. నిజాం సర్కారు కొందరు విద్యార్థులకు వజీఫా ఇచ్చి ఇంగ్లండు పంపేది. సరోజినీ నాయుడు గారు 1895లో అలా వెళ్ళినవారే. 1896లో మీర్ అహ్మద్ అలీ అనే హైదరాబాదు యువకుడు అదే విధంగా వెళ్ళి కూపర్స్‌హిల్ ఇంజనీరింగు కళాశాలలో చదివారు. ఆయనే తరువాత నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. 1923-1931 మధ్య కట్టిన నిజాంసాగర్ ఆయన పేరు చెబుతుంది. ఆయన జన్మదినమైన జులై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నారు. సర్కారు పెట్టిన వజీఫా నీళ్ళ రూపంలో తిరిగి వచ్చిందనవచ్చు. కాని ఆనాడు ఈ వజీఫాలు నగరంలోని కొద్ది కుటుంబాలకే అందేవి. దేవరకొండ, అచ్చంపేట పల్లెల పిల్లలకు వాటి పేరు కూడా తెలియదు.

ఆ రోజుల్లోనే 1919లో ముల్కీ ఫర్మానా వచ్చింది. సర్కారు కొలువు కావాలంటే ఈ రాజ్యంలో పుట్టి ఉండాలి, లేదా పదిహేనేండ్లు నివాసం ఉండాలి. "ముల్కీ", "గైర్ ముల్కీ" అన్న మాటలు మన సర్వీసు కాలమంతా మనల్ని వెంటాడినవే. ఈనాడు అమెరికాలో మన పిల్లలు ఎఫ్-1, హెచ్-1బి, గ్రీన్ కార్డు అంటూ లెక్కపెట్టుకునే సంవత్సరాలు విన్నప్పుడల్లా నాకు ఆ ముల్కీ సర్టిఫికెట్టే గుర్తుకు వస్తుంది. ఒకప్పుడు మన గడప దగ్గర నిలబడి "నువ్వు ముల్కీవా?" అని అడిగినవాళ్ళం మనం. ఇప్పుడు మన మనుమలు అక్కడి గడపలో గైర్ ముల్కీలు.

పోస్టుకార్డు మీద క్షేమం

ఇక్కడ నా స్వంత సంగతి కొంత చెప్పక తప్పదు. నేను 1961లో కల్వకుర్తి తాలూకాలోని మా ఊరి నుంచి పి.యు.సి. చదవడానికి హైదరాబాదు వచ్చాను. గౌలిగూడ బస్టాండులో దిగిన రోజు ఇప్పటికీ కండ్ల ముందుంది. నారాయణగూడ వైపు ఒక చిన్న గదిలో ముగ్గురం ఉండేవాళ్ళం. ఒక కిరోసిన్ స్టవ్వు, ఒక చాప, ఇంటి నుంచి తెచ్చిన చింతపండు, కారం. హైస్కూలు దాకా తెలుగులో చదివినవాణ్ణి, కాలేజీలో అంతా ఇంగ్లీషు. అధ్యాపకులు నవ్వితే నవ్వేవాణ్ణి, ఎందుకు నవ్వారో తెలిసేది కాదు.

వారానికొక పోస్టుకార్డు రాసేవాణ్ణి. "ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీ అందరి క్షేమం తెలుపగలరు." ఏ వారమూ మార్చింది లేదు. నెలాఖరులో ఒక పూటే తిన్న రోజుల్లోనూ అదే మాట. ఆ సంవత్సరం ఇంగ్లీషులో తప్పాను. సిగ్గుతో వేసవి సెలవులకు ఇంటికి పోలేదు. "ప్రైవేటు క్లాసులున్నవి" అని రాశాను. మా నాయన నిజాం కాలంలో ఉర్దూ చదివినవాడు. నా చదువుకు అప్పు చేసి పంపినవాడు. ఒకనాడు పొద్దున చెప్పకుండా బస్సెక్కి వచ్చాడు. చేతిలో జొన్న రొట్టెల మూట. గది చూశాడు, ఖాళీ బియ్యం డబ్బా చూశాడు, నా ముఖం చూశాడు. "ఖత్‌ల గీ ముచ్చట రాయకపోతివేందిరా?" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రం బస్సెక్కే ముందు జేబులోనుంచి పది రూపాయలు తీసి నా చేతిలో పెట్టాడు. సెప్టెంబరులో పాసయ్యాను. కాని ఆ ప్రశ్నకు నేను ఆయన బ్రతికుండగా జవాబు చెప్పలేదు.

ఎనిమిది డాలర్ల కాలం నుంచి

మన రాష్ట్రం నుంచి అమెరికా దారి వెడల్పు కావడం 1965 తరువాతనే. ఆ సంవత్సరం అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన వలస చట్టం దేశాల వారీగా ఉన్న పాత కోటాలను తీసివేసింది. ఉస్మానియా, గాంధీ వైద్య కళాశాలల డాక్టర్లు, ఉస్మానియా, వరంగల్ ఇంజనీరింగు కళాశాలల పట్టభద్రులు ముందుగా వెళ్ళారు. విదేశీ మారకం కొరత వల్ల ఆ రోజుల్లో చేతిలో ఎనిమిది డాలర్లతో విమానమెక్కినట్టు ఆ తరంవారు చెబుతారు. 1966 జూన్‌లో డాలరు విలువ 4.76 రూపాయల నుంచి 7.50 రూపాయలకు పెరిగింది. అప్పటికే అది పెద్ద దెబ్బ అనుకున్నారు. 2024లో డాలరు 83 రూపాయలు దాటింది.

ఆ తొలి తరానికి అక్కడ తెలుగు మాట వినాలంటే వందల మైళ్ళు పోవలసి వచ్చేది. 1977లో న్యూయార్క్‌లో తెలుగువారి మొదటి మహాసభ జరిగింది. దానినుంచే తానా రూపుదిద్దుకుంది. ఇంటి నుంచి నీలి రంగు ఏరోగ్రామ్ చేరడానికి రెండు వారాలు. ట్రంకాల్ బుక్ చేస్తే లైను దొరికేదాకా పోస్టాఫీసులో కూర్చోవాలి. చావు కబురు కూడా కర్మకాండ అయిపోయాక చేరిన ఇండ్లు మన జిల్లాల్లో ఉన్నాయి.

1990ల్లో ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలు పెరిగాయి. కంప్యూటరు చదువులు, 2000 సంవత్సరపు వై2కె గిరాకీ దారి చూపాయి. 2001లో బ్యాంకుల సంఘం ఆదర్శ విద్యా రుణ పథకం తయారుచేసింది. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చి పేదింటి పిల్లలు కూడా ఇంజనీర్లయ్యారు. అదే సంవత్సరం హైదరాబాదులో అమెరికా కాన్సులేటు తెరిచారు. అంతకు ముందు వీసా కోసం మద్రాసు పోయి, తెల్లవారకముందే వరుసలో నిలబడవలసి వచ్చేది. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదివే భారతీయ విద్యార్థులు 3,31,602 మంది అని అక్కడి లెక్కలు చెప్పాయి. 2009 తరువాత మొదటిసారి చైనాను మించి మన దేశం మొదటి స్థానానికి వచ్చింది. అందులో తెలుగు పిల్లల వాటా పెద్దదేనని వేరే చెప్పనక్కర లేదు.

అడ్వాన్సు తీసుకొని పోయినవారు

పాలమూరు నుంచి పరదేశం పోయినవారు విద్యార్థులు మాత్రమే కాదు. "పాలమూరి లేబర్" అన్న మాట దేశమంతా తెలుసు. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ మొదలుకొని ఎన్నో ఆనకట్టలకు మన్ను మోసింది వాళ్ళే. మేస్త్రీ ఊరికి వచ్చి అడ్వాన్సు ఇస్తాడు. ఆ డబ్బు ఇంట్లో ఖర్చవుతుంది. ఇక ఆ కుటుంబం పోయి తీరాలి. పనిచోట ఎంత కష్టమున్నా మధ్యలో తిరిగి రాలేరు. ఎందుకంటే అప్పు తీరలేదు.

ఇప్పుడు మనం పిల్లలకు చేస్తున్నదీ ఇంచుమించు అదే కాదా అని ఒక్కొక్కసారి నాకు అనిపిస్తుంది. ఇల్లు బ్యాంకుకు పెట్టి ముప్ఫై, నలభై లక్షలు తెస్తాం. విమానం ఎక్కకముందే అప్పు ఎక్కుతుంది. కూలివాని కష్టానికి, విద్యార్థి కష్టానికి పోలిక పెట్టడం తప్పే. అక్కడ ఎండలో రాయి కొట్టడం, ఇక్కడ చల్లని గదిలో చదవడం. కాని ఒక్క విషయంలో పోలిక కుదురుతుంది. అప్పు మీద పోయినవాడు "నాకు ఇక్కడ బాగా లేదు" అన్న మాట అనలేడు.

ఫోనులో క్షేమం

మా మనుమరాలు నిరుడు ఆగస్టులో మిస్సోరి రాష్ట్రానికి ఎం.ఎస్. చదవడానికి వెళ్ళింది. ఇరవై మూడేసి కిలోల రెండు పెట్టెలు. అందులో సకినాలు, కారప్పొడి, పచ్చళ్ళు, ప్రెషర్ కుక్కరు. దేవరకొండ తాలూకా ఆడపడుచు అయిన మా ఇంటావిడ జొన్న పిండి కూడా కట్టింది. వెళ్ళిన మొదటి నెలలో పనులు చాలా: నలుగురు ఆడపిల్లలు కలిసి ఇల్లు అద్దెకు తీసుకోవాలి, బ్యాంకు ఖాతా తెరవాలి, ఫోను నంబరు తీసుకోవాలి, కళాశాలలో పని దొరికితే సోషల్ సెక్యూరిటీ నంబరుకు దరఖాస్తు చేయాలి. కారు లేకపోతే కూరగాయలు కూడా దొరకవు. వారానికొకసారి సీనియరు పిల్లలు తమ కారులో తీసుకుపోతారు. చదువు నడిచే రోజుల్లో కళాశాల ఆవరణలో వారానికి ఇరవై గంటలే పని చేయవచ్చు. బయట పని చేస్తే వీసాకే ముప్పు.

ప్రతి ఆదివారం వీడియోలో మాట్లాడేది. "అంతా మంచిగుంది తాతా." డిసెంబరు వచ్చాక ఫోనును పైకప్పు వైపు పెట్టి మాట్లాడటం మొదలుపెట్టింది. ముఖం కనబడదు. ఎందుకమ్మా అంటే "చేతులల్ల పనుంది తాతా" అనేది. మూడు వారాలు అలాగే జరిగింది. ఆ మాటల్లో నాకు నా పోస్టుకార్డులు వినబడ్డాయి.

నాలుగో ఆదివారం నేను ఆమెను ఏమీ అడగలేదు. నా 1961 సంగతి చెప్పాను. తప్పిన పరీక్ష, ఖాళీ బియ్యం డబ్బా, మా నాయన జొన్న రొట్టెల మూట, ఆయన అడిగిన ప్రశ్న, అన్నీ చెప్పాను. నేను పరీక్ష తప్పిన సంగతి మా ఇంట్లో అరవై ఏండ్లుగా ఎవరికీ తెలియదు. చెప్పడం అయిపోయాక అటు చాలాసేపు మాట లేదు. తరువాత ఫోను కిందికి దించింది. ముఖం పీక్కుపోయి ఉంది. రెండో సెమిస్టరు ఫీజు కోసం మిగుల్చుకుంటూ ఒక పూటే తింటున్నదట. కళాశాల భోజనశాలలో గిన్నెలు కడిగే పని చేస్తున్నదట. "నువ్వు ఫికర్ చేస్తవని చెప్పలే తాతా. ఇంజనీరు చదివి గిన్నెలు కడుగుతున్నదంటే నీకు నామోషి అయితదనుకున్న" అన్నది.

నామోషి ఎందుకు తల్లీ, మీ ముత్తాత నన్ను చదివించడానికి ఇతరుల చేలల్లో పనిచేశాడు అని చెప్పాను. ఆ నెల నా పింఛనులో కొంత పంపాము. అంతకంటె ముఖ్యంగా ఒక ఒప్పందం చేసుకున్నాము. ఆదివారం ఫోనులో ముందు కష్టం చెప్పాలి, తరువాతే క్షేమం చెప్పాలి. నాకూ అదే నియమం. నా షుగరు ఎంతో నేనూ దాచకూడదు. ఇప్పుడు ఆమె కుదురుగానే ఉంది. మా నాయన ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు ఇంత కాలం పట్టింది.

కొన్ని మనవులు

చరిత్ర చెప్పి ఊరుకోకుండా, తోటి సభ్యులకు కొన్ని మనవులు చేస్తాను. మొదటిది, విశ్వవిద్యాలయం మంచిదో కాదో తెలుసుకోనిదే డబ్బు కట్టకండి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ అనే సంస్థ మోసం బయటపడి మన పిల్లల కాళ్ళకు నిఘా పట్టీలు వేసిన సంగతి మరువరానిది. 2019లో మిషిగన్‌లో అధికారులే ఉచ్చుగా నడిపిన ఫార్మింగ్టన్ అనే బూటకపు విశ్వవిద్యాలయం కేసులో నిర్బంధించిన 130 మందిలో 129 మంది భారతీయులు. రెండవది, చదువు అయ్యాక ఉద్యోగం ఖాయమన్న లెక్కతో అప్పు చేయకండి. నియమాలు ఏటికేడు మారుతున్నాయి. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. మూడవది, ఇంటి దగ్గర ఉన్న చదువును చిన్నచూపు చూడకండి. నల్లగొండలో 2007లో మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో 2008లో పాలమూరు విశ్వవిద్యాలయం వచ్చాయి. చదువు కోసం నది దాటక తప్పని కాలం మనది. పిల్లలకు ఇప్పుడు ఎంచుకునే వీలుంది.

చివరి మనవి. కొమర్రాజు వారికి అక్క ఇల్లు దొరికింది. సురవరం వారి కాలపు పిల్లలకు రెడ్డి హాస్టలు దొరికింది. 1938 విద్యార్థులకు నాగపూరు దొరికింది. ఏ తరంలోనూ విద్యార్థి ఒంటరిగా కుదురుకోలేదు. ఎవరో ఒకరు చోటు ఇచ్చారు. మన సభ్యులలో చాలామంది పిల్లలు అక్కడ స్థిరపడి ఉన్నారు. కొత్తగా వెళ్ళే మన జిల్లాల పిల్లలకు మొదటి పది రోజులు నీడ ఇవ్వగలవారి పేర్లు సంఘం ఆఫీసులో ఒక రిజిస్టరులో రాసి పెడితే ఎంతో మేలు. దఫ్తరు పనిలో తల పండినవాళ్ళం, రిజిస్టరు నిర్వహించడం మనకు కష్టమా? కార్యవర్గం ఆలోచించాలని కోరుతూ, ఈ వారం మీ మనుమలతో మాట్లాడేటప్పుడు మీరు చదువుకున్న రోజుల్లో పడిన ఇబ్బంది ఒకటి దాచకుండా చెప్పండని ప్రార్థిస్తూ, సెలవు తీసుకుంటున్నాను.